స్ప్రింగు మోసేది బరువొక్కటే

లారీ కింద కమాను కట్ట చేసే పనులు లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. బరువు మోస్తుంది. ఇరుసును ముందుకీ వెనక్కీ, పక్కలకీ కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. బ్రేకు పడ్డప్పుడు ఇరుసు తిరగబడబోతే ఆపుతుంది. పట్టీలు ఒకదాన్నొకటి రాసుకోవడంవల్ల ఊగిసలాట కూడా కొంత అణుగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కమాన్లు దించి ఎక్కించే మేస్త్రీకి ఇరుసు ఎక్కడ నిలబడాలన్న బెంగ ఉండదు. సెంటర్ బోల్టు దాని గుంటలో కూర్చుని యూ బోల్టులు బిగుసుకున్నాయంటే ఇరుసు తన చోటికి తానే వస్తుంది.

ఆ కమాన్లు తీసి కాయిల్ స్ప్రింగులు పెట్టండి. కాయిల్ బరువు మోస్తుంది, అంతే. ఇరుసు ముందుకు పోయినా, పక్కకు జరిగినా, మెలితిరిగినా దానికి పట్టదు. కమాను ఇంతకాలం చేసిన మిగతా పనులన్నీ చేసేవాళ్ళు లేక మిగిలిపోతాయి. ఒక్కో పనికీ ఒక్కో కడ్డీని, ఒక్కో కీలును నియమించాలి. ఎక్కడ నియమించాలో చేసేవాడే తేల్చుకోవాలి. బండి కింద కనిపించే నాలుగు గొట్టాలు, రెండు స్ప్రింగుల వెనక ఉన్న పనితనమంతా ఆ తేల్చుకోవడంలోనే ఉంది. దాన్ని దగ్గర్నుంచి చూపించాలనే ఈ వ్యాసం.

కంపెనీలకు ఇది కొత్త కాదు. 1966 మోడల్‌గా వచ్చిన మొదటి ఫోర్డ్ బ్రాంకో ముందు ఇరుసుకు కాయిల్ స్ప్రింగులే ఉండేవి. 1970లో రేంజ్ రోవర్ ముందూ వెనకా కాయిల్స్‌తోనే వచ్చింది. 1979లో మెర్సిడెస్ జీ వాగన్, 1984లో జీప్ చెరోకీ (ముందు మాత్రమే), 1990లో టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్ అదే దారి పట్టాయి. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మారుతి జిమ్నీ కిందికి వంగి చూసినా గట్టి ఇరుసు, కాయిల్ స్ప్రింగు, అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్ కనిపిస్తాయి. అంతకుముందు మనకు తెలిసిన జిప్సీ నాలుగు మూలలా కమాన్ల మీదే నడిచింది. కంపెనీలు లక్షల బళ్ళ కోసం కొలిచి చేసే ఈ పనిని ఒక మనిషి తన గ్యారేజీలో ఒకే ఒక్క బండి కోసం కొలిచి చేయడం వేరే సంగతి.

నేను చూసిన బండి 2001 టొయోటా టకోమా పికప్. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల కింద ప్లాసర్‌విల్ వైపు ఒక చిన్న గ్యారేజీలో తయారైంది. అక్కడికి రూబికాన్ ట్రెయిల్ దూరమేమీ కాదు. టాహో సరస్సు వైపు సాగే 35 కిలోమీటర్ల ఆ రాతిబాటలో బండి నడిచే మనిషికంటే నెమ్మదిగా పోతుంది. టకోమా ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే రకం. తారు రోడ్డు మీద అదే మేలు, అందులో వాదన లేదు. రాళ్ళ మీద లెక్క మారుతుంది. ఒక చక్రం బండ ఎక్కితే గట్టి ఇరుసు రెండో చక్రాన్ని నేలకేసి నొక్కుతుంది. ఇరుసులోని డిఫరెన్షియల్ కింద ఖాళీ ఎప్పుడూ టైరు ఎత్తుమీదే ఆధారపడుతుంది, స్ప్రింగు అణిగినంత మాత్రాన తగ్గదు. అమెరికాలో టొయోటా తన పికప్‌కు 1986లో గట్టి ముందు ఇరుసు మానేసిన నాటినుంచీ, దాన్ని మళ్ళీ కిందికి తెచ్చుకునేవాళ్ళు ఉంటూనే ఉన్నారు.

దీనికి పెట్టిన ఇరుసు 1979 ఫోర్డ్ ఎఫ్-150ది, డేనా 44 రకం. ఎంపికలోనే ఆలోచన కనిపిస్తుంది. టకోమా ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందుకొచ్చే షాఫ్టు డ్రైవరు వైపు, అంటే ఎడమవైపు ఉంటుంది. ఈ ఇరుసు డిఫరెన్షియల్ కూడా ఎడమవైపే. పైగా దీని పినియన్, అంటే షాఫ్టు వచ్చి కలిసే పళ్ళచక్రం, ఇరుసు మధ్యరేఖకంటే పైన ఉంటుంది. దానివల్ల షాఫ్టు బండలకు ఎత్తులో ఉంటుంది, దాని వాలూ తగ్గుతుంది. చక్రాన్ని మోసి తిప్పే నకిల్స్ మాత్రం ఫోర్డ్‌వి తీసేసి షెవ్రొలే అర టన్ను ట్రక్కువి వేశారు. బాల్ జాయింట్లు ఒకటే కావడంతో అవి సరిగ్గా కూర్చుంటాయి, ఆరు బోల్టుల చక్రం టొయోటా చక్రంతో కలుస్తుంది. నకిల్ నెత్తి చదునుగా ఉంటుంది కాబట్టి స్టీరింగు ఆర్మ్‌ను దానిమీద బిగించవచ్చు. మూడు కంపెనీల సామాను ఒక్కచోట ఇంత పొందికగా అమరడం అదృష్టం కాదు. పాత ఇనుప సామాన్ల దుకాణాల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు కూడబెట్టిన జ్ఞానం అది.

ఇక్కడ మొదటి చిక్కు వస్తుంది. బండి ఎత్తు పెరిగింది కాబట్టి పినియన్ మొన ట్రాన్స్‌ఫర్ కేసు వైపు చూడాలి, అంటే ఇరుసును తిప్పి మొన పైకి లేపాలి. అలా లేపితే చక్రం తిరిగే కీలుగీత, క్యాస్టర్ అంటారే, అదీ ఇరుసుతోపాటే తిరిగిపోతుంది. పినియన్ ఒక డిగ్రీ పైకి లేస్తే క్యాస్టర్ ఒక డిగ్రీ పోతుంది. క్యాస్టర్ చాలకపోతే మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను తిన్నగా రాదు, బండి రోడ్డు మీద దారి వెతుక్కుంటూ పోతుంది. చాలామంది రెంటి మధ్యా రాజీపడతారు. ఈ బండి చేసినాయన పడలేదు. ఇరుసు గొట్టం రెండు చివర్లా నకిల్‌ను పట్టే ‘సి’ ఆకారపు ఫోర్జింగులు ఉంటాయి. వాటిని కోసి, తిప్పి, మళ్ళీ అతికించాలని నిర్ణయించుకున్నారు.

ఈ కోత దగ్గర కూర్చుని చూడదగ్గది. ‘సి’ గొట్టం మీదకు గట్టిగా దిగ్గొట్టి, చుట్టూ వెల్డింగు వేసి ఉంటుంది. ముందుగా పంచితో గొట్టం మీదా, ‘సి’ మీదా ఎదురెదురుగా గుర్తులు కొట్టారు. తర్వాత గ్రైండర్‌తో వెల్డును పొరపొరగా అరగదీస్తూ పోయారు. కాసేపటికి మెరిసే లోహంలో వెంట్రుకంత నల్లని గీత కనిపించింది. అది గొట్టానికీ ‘సి’కీ మధ్యనున్న అసలు అతుకు. అక్కడ ఆగాలి. ఇంకాస్త లోతుకు పోతే గొట్టం పల్చబడుతుంది, ముందే ఆపితే ‘సి’ కదలదు. గీత చుట్టూ పూర్తిగా తేలాక పెద్ద సుత్తితో ఒక్కో దెబ్బ వేస్తూ, డిజిటల్ కోణమాపకం పెట్టి చూస్తూ తిప్పారు. రెండు వైపులా 6 డిగ్రీల క్యాస్టర్ వచ్చేలా చూశారు. ఎడమకీ కుడికీ అర డిగ్రీ తేడా కూడా ఒప్పుకోలేదు. తేడా ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది. ఆ లాగుడుకు కారణం టైర్లలో వెతుక్కుంటూ జనం డబ్బు పోగొట్టుకుంటారు.

లింకుల సంగతికి వస్తే, ఈ ఇరుసు ఫోర్డ్ కింద ఉన్నప్పుడు రేడియస్ ఆర్మ్‌లతో వచ్చింది. అటొకటి ఇటొకటి రెండు బలమైన ఆర్మ్‌లు ఇరుసును గట్టిగా పట్టుకుంటాయి. సులువైన, దృఢమైన ఏర్పాటు, నాకు దానిమీద గౌరవం ఉంది. కానీ ఒక చక్రం పైకీ ఒకటి కిందికీ పోయినప్పుడు రెండు ఆర్మ్‌లూ ఇరుసును చెరో దిక్కుకు మెలిపెడతాయి. ఆ మెలికను రబ్బరు బుష్షులే భరించాలి. రాళ్ళలో చక్రాలు బాగా ఎగుడుదిగుడు కావాలంటే మూడు లింకులే నయం: కింద రెండు, పైన ఒకటి. ఈయన ఎంచుకున్నది అదే. ఆర్మ్‌ల కోసం ఫోర్డ్ పోతపోసిన దిమ్మలను గ్రైండర్‌తో కొట్టేశారు.

కింది లింకులు 2 అంగుళాల వ్యాసం, పావు అంగుళం మందం ఉన్న అతుకులేని రకం గొట్టాలు. రాయి తగిలితే ముందు వంగేవి అవే కనుక మందం తగ్గించలేదు. గొట్టం ఎంత లావైనా పై లింకు కింది లింకులకు ఎంత ఎడంగా ఉందన్నదే అసలు ప్రశ్న. లెక్క చూడండి. గట్టిగా బ్రేకు వేస్తే ముందు చక్రాలు రెంటినీ కలిపి నేల 1,000 కిలోల బలంతో వెనక్కి లాగుతోందనుకుందాం. ఇరుసు దగ్గర కింది లింకుల కీళ్ళు నేలకు 35 సెంటీమీటర్ల ఎత్తున, పై లింకు కీలు దానికి 23 సెంటీమీటర్ల పైన ఉన్నాయి. అప్పుడు పై లింకు 1,500 కిలోలకు పైగా లాగుడు తట్టుకోవాలి. కింది రెండూ కలిసి 2,500 కిలోలకు పైగా తోపుడు తట్టుకోవాలి. నేల లాగింది వెయ్యే, లింకుల మీద పడింది అంతకు ఎంతో ఎక్కువ. ఇంజను ఆయిల్ సంపు అడ్డొస్తోందని ఆ ఎడాన్ని సగం చేస్తే పై లింకు లాగుడు 3,000 కిలోలు దాటుతుంది. బ్రాకెట్లు చిరిగిపోయిన బళ్ళ కథలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. టైరు ఎత్తులో పావు వంతు ఎడం ఉండాలని ఈ పనివాళ్ళలో ఒక వాడుక లెక్క ఉంది. 37 అంగుళాల టైరుకు ఈ 23 సెంటీమీటర్లు దాదాపు అంతే.

అడ్డంగా పట్టే పని పాన్‌హార్డ్ రాడ్‌ది. ఎడమవైపు ఛాసీ నుంచి కుడివైపు ఇరుసు చివరకు పోతుంది. దానికి కాస్త ముందు, అదే దిశలో, స్టీరింగు బాక్సు నుంచి కుడి నకిల్‌కు డ్రాగ్ లింకు పోతుంది. ఈ రెండూ ఒకే కాడికి కట్టిన ఎడ్లలా నడవాలి. ఇరుసు కిందికి దిగేటప్పుడు పాన్‌హార్డ్ రాడ్ ఒక వృత్తఖండం గీస్తూ దాన్ని కొంచెం పక్కకు లాగుతుంది. డ్రాగ్ లింకూ అంతే దూరం లాగితే చక్రానికి ఏమీ తెలియదు. రెండూ వేర్వేరు కోణాల్లో ఉంటే? రెండు కడ్డీలూ 90 సెంటీమీటర్ల పొడవని అనుకోండి. పాన్‌హార్డ్ సమతలంగా ఉంది, డ్రాగ్ లింకు ఒక చివర 10 సెంటీమీటర్లు వాలి ఉంది. ఇరుసు 12 సెంటీమీటర్లు కిందికి దిగితే పాన్‌హార్డ్ లాగేది 8 మిల్లీమీటర్లు, డ్రాగ్ లింకు లాగేది దాదాపు 22. మిగిలిన 14 మిల్లీమీటర్లు 15 సెంటీమీటర్ల స్టీరింగు ఆర్మ్ మీద పడి చక్రాన్ని 5 డిగ్రీలు తిప్పేస్తాయి, అదీ డ్రైవరు చేయి కదపకుండానే. అందుకే ఈ గ్యారేజీలో ఎక్కువ పొద్దు ఈ రెండు కడ్డీల దగ్గరే గడిచింది.

టకోమాకు ఉన్న ర్యాక్ స్టీరింగు గట్టి ఇరుసుకు పనికిరాదు. దాని బదులు 1986–95 నాటి టొయోటా పికప్ స్టీరింగు బాక్సును ఛాసీ కమ్మీ బయటి పక్కన బిగించారు. ఛాసీ కమ్మీ లోపల డొల్ల. బోల్టులు నేరుగా బిగిస్తే రేకు లోపలికి నొక్కుకుపోయి బిగువు నిలవదు. బోల్టు పోయే ప్రతి రంధ్రంలో ఒక మందపాటి గొట్టం దూర్చి రెండు పక్కలా వెల్డు చేశారు. బయటికి ఏమీ కనిపించదు. అయినా స్టీరింగు బాక్సు ఏళ్ళ తరబడి కదలకుండా ఉండేది దానివల్లే. పాన్‌హార్డ్ రాడ్ పై చివర బ్రాకెట్టు ఛాసీ నుంచి కిందికి వేలాడుతుంది కాబట్టి దాన్ని అలా వదలలేదు. ఎడమ కమ్మీ నుంచి కుడి కమ్మీకి ఇంజను కింద నుంచి ఒక గొట్టం వేసి, బ్రాకెట్టును దానికి ఆనించారు. రంధ్రాన్ని కాస్త చిన్నగా వేసి రీమరుతో బోల్టు సైజుకు తెచ్చారు. బోల్టు వేలితో తోస్తే దిగదు, సుత్తితో మెల్లగా తడితే దిగుతుంది. బోల్టుకు మర ఉన్న భాగం బ్రాకెట్టు రేకు లోపల పడకుండా పొడవు చూసి ఎంచారు. ఇక్కడ కాస్త వదులున్నా గట్టి ఇరుసు బండి ఒక వేగంలో గుంట తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చిగా అల్లాడిపోతాయి. దాన్ని అనుభవించినవాళ్ళు ఆ భయం మరచిపోరు.

అప్పటివరకు బ్రాకెట్లన్నీ ట్యాక్‌ల మీదే, అంటే చిన్న చిన్న తాత్కాలిక వెల్డు చుక్కల మీదే నిలబడి ఉన్నాయి. స్ప్రింగులు ఇంకా రాలేదు. కావాలనే తేలేదు. స్ప్రింగు ఉంటే ఇరుసును చేతులతో, జాకీతో ఇష్టమొచ్చినట్టు కదపలేరు. ఛాసీని స్టాండ్ల మీద రసమట్టంతో చూసి నిలబెట్టి, ఇరుసును ముందు పూర్తిగా పైకి, తర్వాత పూర్తిగా కిందికి, ఆ తర్వాత ఒక చివర పైకి ఒక చివర కిందికి నడిపించారు. ప్రతి భంగిమలోనూ స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పారు. డిఫరెన్షియల్ నెత్తి ఆయిల్ సంపుకు ఎంత దూరంలో ఆగింది? పాన్‌హార్డ్ రాడ్ డిఫరెన్షియల్ మూతకు తగులుతోందా? ముందు షాఫ్టు పూర్తిగా సాగినప్పుడు స్ప్లైన్లు ఇంకా ఎంత లోపలున్నాయి? బ్రేకు గొట్టం లాక్కుపోతోందా? ప్రతి జవాబూ తెల్ల మార్కరుతో ఛాసీ మీద రాసి పెట్టుకున్నారు. పాన్‌హార్డ్ రాడ్‌ను ఒక పక్క వంచాల్సి వచ్చింది. పై లింకు ఛాసీ బ్రాకెట్టు ట్యాక్‌లు కోసి రెండు వేళ్ళ వెడల్పు పైకి జరపాల్సి వచ్చింది. ట్యాక్ వేసి ఆగింది ఇందుకే. బంపు స్టాపులు, సాగుడును ఆపే పట్టీలు ఆ గుర్తుల్ని బట్టే బిగించారు. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకముందే, షాక్ అబ్జార్బర్ అడుగుకు కొట్టుకోకముందే బంపు స్టాపు అడ్డుపడాలి.

అన్నీ తేలాకే వెల్డింగు. డేనా 44 మధ్య దిమ్మ పోత ఇనుము, ఇరుపక్కలా గొట్టాలు ఉక్కు. పై లింకు బ్రాకెట్టు సరిగ్గా ఈ పోత మీద కూర్చోవాలి. పోత ఇనుములో బొగ్గు పాలు ఎక్కువ. మామూలు రాడ్‌తో వెల్డు చేసి చల్లారనిస్తే అతుకు పక్కన గాజులా పెళుసెక్కి పగుళ్ళు విడుస్తుంది. ఈయన దిమ్మను టార్చితో సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కించారు. వేడి చూసేందుకు ఒక ప్రత్యేకమైన క్రేయాన్ ఉంటుంది. దాంతో గీస్తే, ఆ వేడి రాగానే గీత కరుగుతుంది. నికెల్ రాడ్ పట్టి రెండు మూడు సెంటీమీటర్లు వేయడం, వెంటనే గుండు సుత్తితో ఆ ఎర్రని వెల్డును తడుతూ పోవడం, మళ్ళీ ఇంకో చోట రెండు మూడు సెంటీమీటర్లు. నికెల్ మెత్తన కనుక కుంచించుకునేటప్పుడు అదే సాగి పోతను కాపాడుతుంది. చల్లారేటప్పుడు కుంచించుకునే లోహాన్ని సుత్తి దెబ్బ సాగదీస్తుంది. పని అయ్యాక దిమ్మను వెల్డింగు దుప్పటి కప్పి రాత్రంతా వదిలేశారు. పొద్దున విప్పి చూస్తే చేపపొలుసుల్లాంటి వరసలు కనపడలేదు, అందంగా కూడా లేదు. నికెల్ వెల్డు అలాగే ఉంటుంది. వంక పెట్టడానికి పగులు మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఇరుసు నెత్తిన పొడవునా వేసిన ట్రస్‌ది ఇంకో సమస్య. పైన వేడి తగిలి చల్లారితే పైభాగం కుంచించుకుని గొట్టాల చివర్లు పైకి లేస్తాయి, అప్పుడు చక్రాలు నిటారుగా నిలబడవు. అందుకే ఎడమన ఒక కుట్టు, కుడిన ఒక కుట్టు, ముందొకటి, వెనకొకటి. చేయి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతది. మధ్య మధ్య ఇరుసు గుండా తిన్నని కడ్డీ దూర్చి చూశారు. ఓపిక లేనివాళ్ళు ఒకే మధ్యాహ్నంలో పూర్తిచేసే పని ఇది. ఈయన తొందరపడలేదు.

స్ప్రింగుల గురించి చెప్పాల్సింది తక్కువే, అది నాకు బాగా నచ్చింది. ఒక్కో ముందు స్ప్రింగు మీద పడే బరువు 450 కిలోలు. బండి మామూలుగా నిలబడ్డప్పుడు స్ప్రింగు 25 సెంటీమీటర్లు అణిగేలా, అంటే సెంటీమీటరుకు 18 కిలోల స్ప్రింగు ఎంచారు. అలా ఉంటే బండి ముందు భాగం సెకనుకు ఒక్కసారి ఊగుతుంది, ఒంటికి హాయిగా ఉండే లయ అది. ఎంపికలో పొరపాటుకు చోటు చాలా తక్కువ. తీగ మందం పదో వంతు పెరిగితే స్ప్రింగు బిరుసుదనం 46 శాతం పెరుగుతుంది, ఎందుకంటే మందం ఆ లెక్కలో నాలుగో ఘాతంలో ఉంటుంది. చుట్టు వ్యాసం పదో వంతు పెరిగితే బిరుసుదనం పావు వంతు తగ్గుతుంది. చేతికి దొరికిన స్ప్రింగు కోసి సర్దుకునేవాళ్ళకు అందుకే ఏదీ కుదరదు. చుట్టు ఒకటి కోస్తే పొట్టిదవడమే కాక బిరుసూ పెరుగుతుంది.

లింకుల కీళ్ళ విషయంలో నా అభిప్రాయం ఒకటి. అన్ని చివర్లా లోహపు బంతి కీళ్ళు పెట్టడం ఇప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటాయి కానీ దుమ్ము తిని తొందరగా వదులవుతాయి, ప్రతి గులకరాయినీ క్యాబిన్‌లోకి వినిపిస్తాయి. ఈయన ఛాసీ వైపు తిరిగే బంతి కీలు, ఇరుసు వైపు రబ్బరు బుష్షు పెట్టారు. రోజూ నడిపే బండికి అదే సరైనదని నేననుకుంటాను.

మొదట తారు రోడ్డు మీద నడిపారు. రోడ్డు తిన్నగా ఉన్న చోట స్టీరింగు వదిలి గట్టిగా బ్రేకు వేశారు. బండి గీత గీసినట్టు ఆగింది. స్పీడ్ బ్రేకరు మీద స్టీరింగు చక్రం కదలనే లేదు. ఆ తర్వాతే రూబికాన్. ప్రతి నట్టుకూ దాని పక్క లోహానికీ కలిపి పసుపు రంగు గీత ఒకటి గీసి పంపారు. తిరిగొచ్చాక పలక మీద పడుకుని బండి కిందికి దూరి ఒక్కో గీతా చూశారు. పై లింకు ఛాసీ చివర బిగింపు నట్టు గీత ఒక్కటే కొంచెం జరిగింది. దాన్ని మళ్ళీ బిగించి ఊరుకోలేదు. లింకు ఊడదీసి, మర ఉన్న చివరను నిలువునా చీల్చి, రెండు బోల్టులతో నొక్కుకునే క్లాంపు వెల్డు చేసి, కొత్త గీత గీసి మళ్ళీ ఎక్కించారు.